పాయసం పెట్టి ఇస్త్రీ చేసిన దుప్పటి

విందుకు పిలిచిన మనుషుల్ని దుప్పటికి అంటించిన ఇల్లాలు తిరువూరు మొత్తానికి నేనొక్కదాన్నే. ఈ మాట గొప్పకి చెప్పడం లేదు. మా వీధిలో చాలాకాలం దాకా ఎవరింట్లోనైనా భోజనాలకి దుప్పటి పరిస్తే, పెద్దవాళ్ళు కూర్చునే ముందు ఒకసారి వంగి వాసన చూసేవారు. ఎందుకు చూస్తున్నారో కొత్తవాళ్ళకి అర్థమయ్యేది కాదు. మీకు చెబుతాను. నవ్వితే నవ్వండి, కానీ చేతిలో వేడి కాఫీ ఉంటే మాత్రం ముందు దాన్ని కింద పెట్టండి.

అవి డెబ్బైల నాటి రోజులు. నాకు పెళ్ళై ఏడాది తిరిగింది. మా ఆయనకి బస్టాండు దగ్గర ఎరువుల కొట్టు. ఆయనకి ముగ్గురు ప్రాణస్నేహితులు: పత్తి వ్యాపారం చేసే రంగారావు అన్నయ్య, బడిలో డ్రిల్లు నేర్పే జోసఫ్ మాస్టారు, బెజవాడ బస్సులో కండక్టరు సాంబయ్య. వీళ్ళకో అలవాటు ఉండేది. నెలకొకరి ఇంట్లో విందు. హోటలు సరుకు గడప తొక్కకూడదు. వంటంతా ఆ ఇంటి ఆడవాళ్ళ చేతిదే అయి ఉండాలి, చివర్లో ఇంట్లో చేసిన తీపి పడి తీరాలి.

రంగారావు అన్నయ్య భార్య బొబ్బట్లు చేస్తే, అవి ఆకు మీంచి వాటంతటవే లేచి నోట్లోకి వచ్చాయని మా ఆయన వారం రోజులు చెప్పారు. మాస్టారి భార్య డేగిసాలో ఇసుక పోసి, పైనా కిందా బొగ్గులు పెట్టి కొబ్బరి కేకు కాల్చిందట. దాని కోసం ఇంకో వారం. ఆ రెండు వారాలూ నేను వడ్డించిన అన్నం అసలు అన్నంగానే కనపడలేదు ఆయనకి.

తర్వాత వంతు మాది.

మా ఇంట్లో వంట అంటే మా అత్తగారు. నాకు కూరలు తరగడం, బియ్యం ఏరడం వరకే. పోపులపెట్టె మూత తీసే అధికారం కూడా లేదు. అలాంటిది, సరిగ్గా విందు ముందు రోజు విస్సన్నపేటలో మా ఆడపడుచు కొడుక్కి గవదబిళ్ళలు లేచాయని కబురు. అత్తగారు సంచీ సర్దుకుని, బస్సుకి టైమవుతుంటే గుమ్మంలో ఆగి నన్ను పిలిచారు.

"అమ్మాయ్, రేపు విందు నీ చేతి మీదే. పెనుగొలను నుంచి మా అన్నయ్య కూడా వస్తాడు. ఆయన తిని బాగుందన్నాడా, ఈ తాళాలగుత్తి నీ బొడ్లో దోపుతా. ఇంక వంటిల్లు నీదే. బాగోలేదన్నాడా..."

"అంటే ఏం చేస్తారత్తయ్యా?"

"మా అక్క మాణిక్యాన్ని తీసుకొచ్చి వంటింట్లో కూర్చోబెడతా. మళ్ళీ వెళ్ళమన్నా వెళ్ళదు."

మాణిక్యమ్మ గారి గురించి మీకు తెలియదు కాబట్టి మీరింకా కూర్చునే ఉన్నారు. ఆవిడ ఉన్న ఇంట్లో పిల్లి కూడా అడిగి పాలు తాగుతుంది. చారులో ఆవగింజ తేలితే ఎందుకు తేలిందని కోడల్ని నిలబెట్టి అడుగుతుంది. ఆవిడ వస్తే నేను ముసలిదాన్నయ్యేదాకా బియ్యంలో రాళ్ళేరుకుంటూ ఉండాల్సిందే.

"ఇంకో మాట," అన్నారు అత్తగారు గడప దిగుతూ. "వడ్డించకముందే రుచి చూడ్డాలు గిడ్డాలు లేవు మనింట్లో. వచ్చినవాళ్ళకి ఎంగిలి పెడతామా? రంగు చూసి చెప్పాలి ఆడదంటే."

"రంగులో ఉప్పు కనపడుతుందా అత్తయ్యా?"

"నాకు కనపడుతుంది," అని ఆవిడ బస్సెక్కి వెళ్ళిపోయారు.

తెల్లారింది. వంట సంగతి ఆలోచిస్తుంటే మా ఆయన లాల్చీ, పంచె తెచ్చి నా ఒళ్ళో పడేశారు.

"ఇదిగో, వీటికి గంజి దట్టంగా పెట్టు. పోయిన నెల రంగారావు లాల్చీ చూశావా? తలుపు చెక్కలా నిలబడింది. నేను నడుస్తుంటే ఫెళఫెళమని చప్పుడు రావాలి."

"వంట చూసుకోనా, మీ చప్పుడు చూసుకోనా?"

"రెండూ చూసుకో. తెలివైనదానివి కదా!"

ఈ ఒక్క మాటే నా కొంప ముంచింది. నన్ను తెలివైనదాన్ని అన్నవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు. వెంటనే ఆ తెలివి ఎక్కడుందో వెతికి బయటికి తీద్దామనిపించింది. జంపఖానా చూస్తే మధ్యలో ఎలుక కొరికిన బొక్క. దాని మీద నా పెళ్ళినాటి పొడుగాటి తెల్ల దుప్పటి పరిస్తే సరిపోతుంది. అదీ గంజి పెడితేనే నిండుగా ఉంటుంది. గంజికి కావాల్సింది సగ్గుబియ్యం. నేను చేద్దామనుకున్న తీపి సగ్గుబియ్యం పాయసం. వాటిని విడివిడిగా ఉడకబెట్టడం ఎందుకు? ఒకే పొయ్యి, ఒకే గుండిగ. ఉడికాక చెరిసగం చేస్తే పోలా? ఈ ఉపాయానికి నన్ను నేనే మెచ్చుకున్నాను. మెచ్చుకోడానికి ఇంట్లో ఇంకెవరూ లేరుగా మరి.

గోడ అవతలి ఇంటి కమలమ్మక్కయ్య దొడ్డి గుమ్మంలోంచి తల పెట్టి గుండిగలోకి చూసింది.

"ఇంత సగ్గుబియ్యం ఉడకేశావేంటే? ఊరందరికీ ఒకేసారి విరేచనాలు పట్టుకున్నాయా?"

"సగం పాయసానికి, సగం గంజికి అక్కయ్యా."

"కలగాపులగం అవుతాయే పిల్లా. ఏదో ఒక గుర్తు పెట్టుకో."

"పెట్టేశాగా! తినే చేతి వైపున్న తపేలా పాయసం. ఎడమచేతి వైపున్నది బట్టలకి. ఇందులో మర్చిపోడానికేముంది, చేతులు నావే కదా?"

"చేతులు నీవేలే," అని కమలమ్మక్కయ్య నా వంక అదో మాదిరిగా చూసి తల వెనక్కి తీసుకుంది.

రెండు తపేలాలూ నా సారెలో వచ్చిన జత. కవల పిల్లల్లా ఒక్క పోలికే. గుండిగలోది వాటిల్లో చెరిసగం పోసి, వంటింటి మధ్యలో పీట వేసి రెండిటినీ పక్కపక్కన పెట్టాను. తినే చేతి వైపు తపేలాలో చక్కెర గుమ్మరించాను. చారెడా, సోలెడా అని అడక్కండి, పాయసం తియ్యగా లేదని ఎవరైనా అంటే మాణిక్యమ్మ గారు దిగుతారన్న భయంతో వేసిన చక్కెర అది. బాగా కలియబెట్టి కరిగించి మూత పెట్టాను. పాలూ, యాలకులూ, జీడిపప్పూ సాయంత్రం చేర్చుకోవచ్చు.

దొడ్లోకి వెళ్ళి దుప్పటీ, లాల్చీ, పంచె ఉతికాను. తడిబట్టలు చంకన పెట్టుకుని దొడ్డి గుమ్మంలోంచి వంటింట్లోకి వచ్చాను.

ఇక్కడ కాస్త ఆగండి. మా వంటింటికి రెండు గుమ్మాలు. చక్కెర వేసినప్పుడు నేను నడవ వైపు నుంచి వచ్చి నిలబడ్డాను. ఇప్పుడు దానికి ఎదురుగా ఉన్న దొడ్డి వైపు నుంచి వచ్చి నిలబడ్డాను. మనిషి అటు తిరిగితే చెయ్యి కూడా అటు తిరుగుతుంది, తపేలా తిరగదు. ఇంత చిన్న సంగతి దేవుడు నా బుర్రలో పెట్టడం మర్చిపోయాడు. నా ఎడమచేతి వైపున్న తపేలా మూత ఠీవిగా తీసి, అందులో మూడు బట్టలూ ముంచాను.

గంజి భలే జిగటగా ఉంది. "దట్టంగా పెట్టమన్నారుగా, ఇదే దట్టం!" అనుకున్నాను. వాటిని పిండి, తీగ మీద ఆరేస్తే సగ్గుబియ్యం గింజలు దుప్పటికి అక్కడక్కడా అంటుకుని ముత్యాలు కుట్టినట్టు మెరిశాయి. చూసుకుని మురిసిపోయాను. కాసేపటికి తీగ మీద బారులు తీరి చీమలు వెళుతున్నాయి. చీమలు బారులు కడితే వానొస్తుందని అంటారుగా, ఎండు మిరపకాయలు పగిలే ఎండలో నేను ఆకాశం వంక చూసి, మబ్బు కనపడకపోయినా, "అమ్మో వాన!" అని బట్టలు లోపలికి లాక్కొచ్చాను.

బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేసి దుప్పటి మీద పెట్టాను. కమ్మటి వాసన లేచింది. పాకం సరిగ్గా కుదిరినప్పుడు వస్తుందే, ఆ వాసన. నేనింకా పాయసం పొయ్యి మీద పెట్టనే లేదు. అయినా, పెట్టకుండానే ఇంత వాసనొస్తుంటే పెడితే ఇంకెంత వస్తుందో అని పొంగిపోయాను చూడండి, అదీ నా తెలివి!

గోడ అవతల నుంచి కేక వినపడింది. "ఏం వండుతున్నావే? నోరూరిపోతోంది!"

"పంచె ఇస్త్రీ చేస్తున్నా అక్కయ్యా!"

అవతల కిటికీ రెక్క టప్పున పడింది.

సాయంత్రం వంట పూర్తయింది. మామిడికాయ పప్పు, గుత్తివంకాయ, గారెలు, చారు. రెండో తపేలాలో చిక్కటి పాలు పోసి, యాలకుల పొడి కొట్టి, నేతిలో వేయించిన జీడిపప్పు చల్లి కాచాను. రంగు చూశాను. తెల్లగా ఉంది. పాయసం తెల్లగానే ఉండాలి కాబట్టి బాగున్నట్టే.

మా ఆయన లాల్చీ తొడుక్కుని నడవలో అటూ ఇటూ నడిచారు. ఫెళఫెళ కాదు, పెంకు మీద పెంకు పెట్టి కొట్టినట్టు చప్పుడు.

"అబ్బ, ఏం పెట్టావే గంజి! చెయ్యి మడవడానికి రావట్లేదు!" అన్నారు పొంగిపోతూ.

దీపాలు పెట్టే వేళకి అందరూ వచ్చారు. పెద్దమావయ్య గారు, అంటే పెనుగొలను నుంచి వచ్చిన మా అత్తగారి అన్నయ్య, పెద్దాయన కాబట్టి ఆయనకి విడిగా పీట వేశాను. మా ఆయనా, ముగ్గురు స్నేహితులూ దుప్పటి మీద వరసగా కూర్చున్నారు. ముందు ఆకులు, ఆకుల్లో పప్పు, నెయ్యి. మీకు తెలిసిందేగా, పంక్తిలో పెద్దాయన లేవకుండా ఇంకెవరూ లేవకూడదు. ఇల్లు కూలినా సరే, ఆకు ముందు కూర్చుని కూలనివ్వాల్సిందే.

పప్పన్నం అవుతుండగా సాంబయ్య ఎడమచెయ్యి వెనక్కి పోయింది. గోక్కున్నాడు. తర్వాత రంగారావు అన్నయ్య ఉలిక్కిపడ్డాడు. ఎండలో గంటసేపు కదలకుండా నిలబడగలిగే డ్రిల్లు మాస్టారు కుడి మోకాలు లేపి దించారు, ఎడమ మోకాలు లేపి దించారు, కూర్చునే కవాతు చేస్తున్నారు. నేను గుమ్మం చాటు నుంచి చూస్తూ, ఇదంతా నా వంకాయకూర మహిమేనని అనుకుంటున్నాను.

"కారం ఎక్కువైందా అన్నయ్యా?"

"లేదు చెల్లెమ్మా... అమోఘం... ఆహా... అబ్బా!"

ఆ 'అబ్బా' రుచికే అనుకుని ఇంకో రెండు వంకాయలు వేశాను.

"వద్దమ్మా, చాలు... స్స్... చాలు!"

"మొహమాటపడకండి," అని ఇంకోటి వేశాను. వద్దన్నవాళ్ళకి వడ్డించకపోతే అది మర్యాద కాదు గదా.

మా ఆయన కళ్ళతో సైగ చేశారు. వంగితే గొణిగారు, "నా వీపు మీద ఏదో పాకుతోందే. ఒకటి కాదు, తిరనాళ్ళకి వచ్చినట్టు వస్తున్నాయి."

"పదిమందిలో వీపు సంగతి మాట్లాడతారా? ఓర్చుకోండి."

పీట మీద నుంచి పెద్దమావయ్య గారు అందరి వంకా చూసి తల ఊపారు. "ఈ కాలం కుర్రాళ్ళకి కుదురు లేదు. ఆకు ముందు కొండలా కూర్చోవాలిరా. నన్ను చూడండి, కదిలానా?"

ఆయనకేం, చెక్కపీట మీద కూర్చున్నారు.

చారు అయ్యాక పాయసం తెచ్చాను. రంగారావు అన్నయ్య ఒక గుటక వేసి ఆగిపోయాడు.

"ఎలా ఉంది అన్నయ్యా?"

"కొత్తగా ఉందమ్మా. ఇంతవరకు ఎక్కడా తినలేదు ఇలాంటిది."

సాంబయ్య ఎంతో ఆలోచించి, "ఒంటికి మంచిదక్కయ్యా. కడుపులో బాగోనప్పుడు మా అమ్మ ఇదే పెట్టేది," అన్నాడు.

మాస్టారు నిటారుగా కూర్చుని, "చాలా క్రమశిక్షణగా ఉందమ్మా," అన్నారు. పాయసం క్రమశిక్షణగా ఉండడమేంటో నాకు అర్థం కాలేదు కానీ, అది మెప్పు కాదని మాత్రం అర్థమైంది.

ఇంక మిగిలింది పెద్దమావయ్య గారు. ఆయన పాయసం వంక చాలాసేపు చూశారు. వేలి కొసతో ఇంత తీసి నాలుక మీద పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. ఇంకాస్త తిన్నారు. ఆయన కళ్ళ చివర నీళ్ళు! నా కళ్ళ ముందు మాణిక్యమ్మ గారు రేకుపెట్టె పట్టుకుని బస్టాండులో దిగుతున్నారు. దిగి, బేరం కూడా ఆడకుండా రిక్షా ఎక్కుతున్నారు.

"అమ్మాయీ," అన్నారాయన ఆకు నా వైపు జరుపుతూ.

"చెప్పండి మావయ్యగారూ."

"ఇంకాస్త వెయ్యి."

వేశాను. నెమ్మదిగా, ఒక్కో జీడిపప్పునీ పలకరించుకుంటూ తిన్నారు. "ఇంకాస్త." వేశాను. దుప్పటి మీద నలుగురూ ఆయన వంక చూస్తున్న చూపు నేనెప్పటికీ మర్చిపోను. మునిగిపోతున్న పడవలో కూర్చున్నవాళ్ళు తెడ్డు వేసేవాణ్ణి చూస్తారే, అలాంటి చూపు.

"మావయ్యా, పెరుగు వేసుకోరా?" అన్నారు మా ఆయన ఏడుపు గొంతుతో.

"పెరుగుకేం తొందర? ముందు పాయసం కానీ." మళ్ళీ ఆకు చూపించారు.

ఆ మాటకి మాస్టారు ఒక్కసారి ఎగిరిపడ్డారు. గ్లాసు దొర్లింది. చెంబు దొర్లింది. నీళ్ళన్నీ దుప్పటి కిందికీ పైకీ పారాయి. అప్పటిదాకా చెమటకి కరుగుతున్న చక్కెర ఇప్పుడు హాయిగా పాకమైంది. సగ్గుబియ్యం జిగురు, చక్కెర పాకం, పైన నలుగురు పెద్దమనుషుల బరువు. ఇంతకంటే గట్టిగా అంటించే సరుకు మా ఆయన కొట్లో కాదు కదా, బెజవాడలో కూడా దొరకదు.

మొత్తానికి పెద్దమావయ్య గారు పెరుగన్నం కానిచ్చి, త్రేన్చి, "లేవండ్రా," అన్నారు.

లేచారు. వాళ్ళతో పాటు దుప్పటీ లేచింది.

"ఎవరయ్యా నా పంచె లాగేది?"

"నేను లాగట్లేదన్నా, మాస్టారు నడుస్తున్నారు!"

"నేనెక్కడ నడిచాను? నువ్వు గోక్కుంటుంటే నేనొస్తున్నా!"

"కదలకండి! ఎవరూ కదలకండి, చిరిగితే పరువు పోతుంది!"

ఎంగిలిచేతులు గాల్లో పెట్టుకుని నలుగురు మగాళ్ళు, వెనకాల ఒకే దుప్పటి, దాని మీద ఊళ్ళో ఉన్న చీమలన్నీ. చేతులు కడుక్కోడానికి దొడ్లో బావి దగ్గరికి వెళ్ళాలి. ఒకరు ముందడుగు వేస్తే ముగ్గురు వెనక్కి పడుతున్నారు. చివరికి మాస్టారు గొంతు సవరించుకుని, "అందరూ నా మాట వినండి. ఒకేసారి అడుగెయ్యాలి. లెఫ్ట్! రైట్! లెఫ్ట్! రైట్!" అన్నారు.

ఊరేగింపు కదిలింది. ఆ 'రైట్' అన్న చోట నాకు నా తినే చెయ్యి గుర్తొచ్చింది. చేతి వంక చూసుకున్నాను. నడవ గుమ్మం వంక, దొడ్డి గుమ్మం వంక చూశాను. ఉన్నచోటనే ఒక చుట్టు తిరిగాను. నాతో పాటు చెయ్యి తిరిగింది. తపేలాలు తిరగలేదు. నా కాళ్ళ కింద భూమి మాత్రం తిరిగింది.

సరిగ్గా అప్పుడే విస్సన్నపేట బస్సు దిగి, సంచీ పట్టుకుని మా అత్తగారు వీధి గుమ్మంలోంచి లోపలికి వచ్చారు.

"ఏంట్రా ఇది? నలుగురూ కలిసి ఒకే పంచె కట్టుకున్నారు?"

మాస్టారు అలవాటు కొద్దీ, "హాల్ట్!" అన్నారు. ఊరేగింపు ఆగింది.

మా అత్తగారు దుప్పటి కొస పట్టుకున్నారు. చేతికి అంటింది. వాసన చూశారు. రంగు చూసే రుచి చెప్పాలన్న మనిషి, నేను చూస్తుండగానే వేలు నాలుక మీద పెట్టుకున్నారు.

"అమ్మాయ్," అన్నారు మెల్లగా. "పాకం ముదిరింది."

నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆవిడ పీట మీద నుంచి లేస్తున్న వాళ్ళ అన్నయ్య వైపు తిరిగి, "ఏం అన్నయ్యా, భోజనం ఎలా ఉంది? దాచకుండా చెప్పు. అక్కని రమ్మని కబురు పెట్టాలో వద్దో నీ నోటితోనే తేల్చు," అన్నారు.

పెద్దమావయ్య గారు పై పంచెతో కళ్ళు తుడుచుకున్నారు.

"చెల్లాయ్, మీకెవరికీ చెప్పలేదు. నాకు చక్కెర జబ్బట. బెజవాడ డాక్టరు తీపి ముట్టుకోవద్దన్నాడు. ఎవరింటికెళ్ళినా తీపి వడ్డిస్తారని, చారు కాగానే ఏదో వంక చెప్పి లేచిపోయేవాణ్ణి. పాయసం అన్న మాటే మర్చిపోయాననుకో. ఈ పిల్ల నా మొహం చూసి ఎలా పసిగట్టిందో ఏమో, చక్కెర పలుకు తగలకుండా కాచి పెట్టింది! కడుపారా తిన్నాను. అక్కని పిలవడమేంటి? వంటిల్లు ఈ పిల్ల చేతిలో పెట్టు. చక్కెర ఎక్కడ వెయ్యాలో, ఎక్కడ వెయ్యకూడదో దీనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

మా అత్తగారు నా వంక చూశారు. గుమ్మం దగ్గర ఆగిన దుప్పటి వంక చూశారు. దానికి అంటుకున్న నలుగురు మగాళ్ళూ ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు గోక్కుంటున్నారు.

"అవునన్నయ్యా," అన్నారు. "తెలుస్తూనే ఉంది."

తాళాలగుత్తి తీసి నా బొడ్లో దోపారు. దోపుతూ చెవిలో అన్నారు, "వంటిల్లు నీది. బట్టల జోలికి మాత్రం వచ్చావంటే ఊరుకోను."

బావి దగ్గర నలుగురి మీదా కమలమ్మక్కయ్యా నేనూ చేదల కొద్దీ నీళ్ళు గుమ్మరిస్తే గానీ దుప్పటి వదల్లేదు. పెద్దమావయ్య గారేమో, ఇంక ప్రతి నెలా మా ఇంట్లోనే భోంచేస్తానని, ఆ పాయసమే కావాలని చెప్పి వెళ్ళారు. ఏ పాయసమో ఆయనకి చెప్పే ధైర్యం నాకు చివరిదాకా రాలేదు, ఆయన ఇప్పుడు లేరు కూడా.

అందుకని మీ అందరి ఎదుటా, పొయ్యిలో అగ్నిహోత్రుడి సాక్షిగా మాటిస్తున్నాను. ఒంటికి కట్టేదీ కడుపుకి పెట్టేదీ ఈ జన్మలో ఒక గుండిగలో ఉడికించను. నన్ను ఎవరు తెలివైనదానివన్నా నమ్మను. నా ఇంటికి వచ్చిన మనిషి ఎలా కూర్చున్నాడో అలాగే, ఒంటరిగా, తన బట్టలతో తను లేచి వెళ్ళేటట్టు చూసే పూచీ నాది.